కోపం సంగతి తర్వాత, ముందు రశీదు అడగండి

చెన్నై నుంచి ఒక పాఠకురాలు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు వద్దన్నారు, ఉండే వీధి కూడా రాయొద్దన్నారు. సారాంశం ఇది.

ఆవిడకు 43 ఏళ్లు. పుట్టిల్లు నెల్లూరు దగ్గర పల్లె. పెళ్లయినప్పటి నుంచి, అంటే పద్దెనిమిదేళ్లుగా, కాపురం చెన్నైలోనే. అంబత్తూరు వైపు ఇల్లు, సెంట్రల్ దగ్గర ఆఫీసు, రోజూ ఎలక్ట్రిక్ ట్రైన్‌లో లేడీస్ పెట్టెలో రాకపోకలు. భర్త ఒక షిప్పింగ్ ఆఫీసులో పనిచేస్తారు. అమ్మాయి తొమ్మిదో తరగతి, అబ్బాయి అయిదు. అత్తగారు వీళ్లతోనే ఉంటారు.

పెళ్లిలో పుట్టింటివాళ్లు పెట్టిన 11 సవర్ల నగలు బ్యాంకు లాకర్లో ఉండేవి. లాకరు భార్యాభర్తలిద్దరి పేరు మీదా ఉంది. సంక్రాంతికి హారం తెచ్చుకుందామని వెళ్తే లోపల ఒక జత కమ్మలు, వెండి కుంకుమ భరిణె తప్ప ఏమీ లేవు. ఇంటికొచ్చి అడిగితే భర్త టీవీ మీంచి చూపు తిప్పకుండా, "తమ్ముడి షాపుకి అవసరం పడింది, తాకట్టు పెట్టాం. ఎక్కడికి పోతాయి?" అన్నారు. ఈవిడ ఇంకేమీ అడగలేదు. "అడగలేదనడం కంటే గొంతులోంచి మాట రాలేదనాలి" అని రాశారు.

ఉగాదికి నెల్లూరు నుంచి మరిది కుటుంబం వచ్చింది. పొద్దున పూజయ్యాక ఈవిడ అందరికీ పచ్చడి పెడుతుంటే అత్తగారు, "పండగపూట మెడ బోసిగా ఉందేమే, ఆ హారమన్నా వేసుకోకూడదా" అన్నారు. భర్త నవ్వి, "దానికి నగల మీద మోజు లేదులేమ్మా" అన్నారు. మరిది తల వంచుకుని పచ్చడి నాకుతున్నాడు. ఈవిడ చేతిలోని స్టీలు గిన్నె నేలకేసి కొట్టారు. "గిన్నె దొర్లుకుంటూ పోయి ఫ్రిజ్ దగ్గర ఆగింది. అది ఆగేదాకా ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. గడప మీద వేపపువ్వు, బెల్లం నీళ్లు. గుడ్డ తెచ్చి నేనే తుడిచాను."

ఆ రోజు నుంచి భర్త ఆవిడను పిల్లల ముందే "సూర్యకాంతం" అని పిలుస్తున్నారు. ఈ వయసులో ఆడవాళ్లకు ఇలాగే ఉంటుందట, డాక్టరుకు చూపించుకోమంటున్నారు. తమ్ముడికి ఫోన్ చేసి తప్పయిందని చెప్పమంటున్నారు. కన్నతల్లితో చెప్పుకుంటే, "ఆడది గొంతు లేపితే ఇల్లు నిలవదు, నువ్వే తగ్గు తల్లీ" అన్నారు. ఈ మధ్య దవడ నొప్పికి పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్తే, నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, పళ్లు అరిగిపోయాయి అని చెప్పి, రాత్రిపూట పెట్టుకోవడానికి తొడుగు చేసిచ్చారు. ఇంకో మాట కూడా రాశారు: "ఆటో అతను నలభై రూపాయలు ఎక్కువ అడిగితే నడిరోడ్డు మీద తమిళంలో నిలదీస్తాను. ఇంటి గడప తొక్కి తెలుగులోకి వచ్చేసరికి నోరు పడిపోతుంది."

చివరి పేజీలో ఉంది అసలు బాధ. అమ్మాయి శుక్రవారం టిఫిన్ డబ్బా కడగకుండా బ్యాగులోనే వదిలేసింది. సోమవారం పొద్దున మూత తీస్తే బూజు. ఆ డబ్బాతోనే పిల్ల భుజం మీద కొట్టారు, రెండు సార్లు. పిల్ల ఏడవలేదు. "నాన్న మీద కోపం ఉంటే నాన్ననే అడగొచ్చు కదమ్మా" అంది.

"నాకు ఈ కోపం పోవాలి. యోగా అయినా, ధ్యానమైనా, మందులైనా సరే, చెప్పండి. నేను గయ్యాళినైపోతున్నానా?" ఇదీ ఆవిడ ప్రశ్న.

అమ్మా,

మీ ఆరు పేజీలు రెండుసార్లు చదివాను. నగలు పోయిన సంగతి ఒక్క పేజీలో తేల్చేశారు. మిగతా అయిదు పేజీలూ మీ కోపాన్ని బోనులో నిలబెట్టి విచారించారు. ఆ ఇంట్లో ఒక తప్పు జరిగింది, దానికి ఒకరికి కోపం వచ్చింది. తప్పు చేసిన మనిషి హాయిగా నిద్రపోతున్నారు, కోపం వచ్చిన మనిషి పళ్లు అరగదీసుకుంటున్నారు. ముందు ఈ లెక్క సరిచేద్దాం.

మీరుండే ఊళ్లోనే, మెరీనా రోడ్డు మీద కోపంగా ఉన్న ఒక ఆడమనిషి విగ్రహం ఉంది. చేతిలో కాలి అందె. కన్నగి. 1968లో ప్రపంచ తమిళ మహాసభలప్పుడు పెట్టారు. 2001 డిసెంబరులో అక్కణ్నుంచి తీసేస్తే పెద్ద గొడవైంది, 2006లో మళ్లీ తెచ్చి నిలబెట్టారు. తమిళ కావ్యం శిలప్పదికారంలోని ఆమె కథ మీకు తెలిసే ఉంటుంది. భర్త కోవలన్ మాధవి అనే నర్తకి దగ్గర ఉన్నదంతా పోగొట్టుకుని ఇంటికొచ్చాడు. కన్నగి పల్లెత్తు మాట అనలేదు, కాలి అందె తీసిచ్చింది. దాన్ని అమ్మబోతే మదురైలో రాణిగారి అందె దొంగిలించాడని నింద వేసి రాజు అతన్ని చంపించాడు. అప్పుడొచ్చింది ఆమెకు కోపం. రాజు ఎదుటే ఆ అందె పగలగొట్టి, లోపల ఉన్నవి మాణిక్యాలు, రాణి అందెలో ఉండేవి ముత్యాలు అని రుజువు చేసి, ఆనక మదురైని తగలబెట్టింది.

ఆ విగ్రహాన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. భర్తకు జరిగిన అన్యాయానికి ఊరు తగలబెట్టినా ఆమె దేవత. అదే భర్త ఇల్లు గుల్ల చేసి వచ్చిన రోజున ఆమెకు కోపం వచ్చిందా రాలేదా అని ఎవరూ అడగరు. మొగుడి కోసం, బిడ్డల కోసం, కులం పరువు కోసం ఆడదానికి కోపం వస్తే దండం పెడతాం. తన కోసం వస్తే డాక్టరు దగ్గరికి పొమ్మంటాం.

మన తెలుగిళ్లలో ఆడదానికి అలక ఇచ్చారు, కోపం ఇవ్వలేదు. సత్యభామ అలిగితే ముచ్చట. అలకకు మూర మల్లెపూలు చాలు, కోపానికి లెక్క చెప్పాలి. అందుకే కోపం వస్తే అందరికీ అంత కంగారు. అదే మగవాడు అలిగితే పెళ్లిలో ఏకంగా అలకపాన్పే వేస్తాం, మామగారు ఉంగరమో వాచీయో పట్టుకుని బతిమాలితే గానీ లేవడు. మీ పెళ్లిలోనూ వేసే ఉంటారు.

ఇక ఆ సూర్యకాంతం మాట. ఆ మహానటి ఈ ఊళ్లోనే బతికి, 1994 డిసెంబరులో ఇక్కడే కన్నుమూశారు. తెర మీద ఎంత గయ్యాళో, బయట అంత మెత్తని మనిషని, పెట్టే చెయ్యి అని తోటివాళ్లు చెప్పుకున్నారు. అయినా ఆవిడ పేరు ఆడపిల్లలకు పెట్టుకోవడానికి జంకేంతగా ఆ పాత్రలు జనంలో పాతుకుపోయాయి. ఆ పాత్రల్లో గయ్యాళి ఎవరి మీద పడుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. కోడలి మీద, సవతి బిడ్డ మీద, నోరు లేని మొగుడి మీద. తనకంటే బలహీనుల మీద విరుచుకుపడే మనిషినే గయ్యాళి అంటాం. ఆ లెక్కన ఉగాదినాడు మీరు గయ్యాళి కాదు. మీ నగలు తీసిన మనిషి మీ ఎదుటే నవ్వాడు, మీ చేతిలో గిన్నె ఆగలేదు. గిన్నె విసరకుండా నోటితో చెప్పి ఉంటే మీకే మేలయ్యేది. అయినా అది గయ్యాళితనం కాదు.

టిఫిన్ డబ్బా సంగతి వేరు. అక్కడ మీ వైపు మాట్లాడలేను. అత్త మీది కోపం దుత్త మీద అని మనవాళ్లు ఊరికే అనలేదు. తిరిగి ఏమీ అనలేని చోటే కోపం పడుతుంది. దుత్త పగిలితే మళ్లీ కొనుక్కోవచ్చు. ఇది పిల్ల. పైగా మీ ఇంట్లో ఎవరూ పైకి చెప్పని నిజాన్ని, దెబ్బ తిన్న చోటే నిలబడి, ఆ పిల్ల చెప్పింది.

ఈ రాత్రే అమ్మాయి పక్కన కూర్చోండి. "నిన్ను కొట్టడం నా తప్పు. నువ్వన్నది నిజం. నాన్నతో మాట్లాడాల్సింది నేను, మాట్లాడతాను. అది నీ పని కాదు." ఇంతే చెప్పండి. "కానీ నువ్వు కూడా డబ్బా..." అని మాత్రం మొదలుపెట్టకండి. నగల కథంతా చెప్పి పిల్లను మీ వైపు లాక్కోకండి కూడా. ఆడదానికి కోపం వస్తే దాన్ని ఎక్కడ పెట్టుకోవాలో మీ అమ్మాయి మిమ్మల్ని చూసి నేర్చుకుంటోంది. మీరు మీ అమ్మగారిని చూసి నేర్చుకున్నట్టే.

వయసు గురించి మీ ఆయన అన్నది పూర్తిగా కొట్టిపారేయను. నలభైల్లో నెలసరి తగ్గుముఖం పట్టే రోజుల్లో హార్మోన్లు ఎగుడుదిగుడుగా ఉంటాయి. నిద్ర పట్టదు, ఒళ్లు ఆవిర్లు వస్తాయి, చిరాకు పెరుగుతుంది. థైరాయిడ్, రక్తహీనత ఉన్నా అంతే. అందుకని ఆడవాళ్ల డాక్టరుకు ఒకసారి చూపించుకోండి, ఆ రెండు పరీక్షలూ చేయించుకోండి. పళ్ల తొడుగు మానకండి. ఎవరితోనైనా మనసు విప్పి మాట్లాడాలనిపిస్తే 14416 నంబరుకు ఫోన్ చేయొచ్చు. 2022లో కేంద్రం పెట్టిన టెలీ మానస్ అది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు. అలసట కూడా తక్కువదేం కాదు. 2024లో ప్రభుత్వం చేసిన సర్వేలో తేలింది, ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు దానికే పెడుతున్నారు, చేసే మగవాళ్లు 88 నిమిషాలు. మీరు ఆ 289 నిమిషాల పైన ఆఫీసు, రైలు ప్రయాణం కూడా చేస్తున్నారు.

అన్నీ చేయించుకోండి. ఒకటి మాత్రం మరిచిపోకండి. హార్మోన్లు నగలు తాకట్టు పెట్టవు.

పేదవాడి కోపం పెదవికి చేటు అంటారు కదా, మీ దవడ నొప్పి అదే. అడిగే దారి లేని కోపం మనల్నే కొరుకుతుంది. రోజూ పొద్దున అరగంట ప్రాణాయామం చేస్తే రక్తపోటు తగ్గుతుందేమో, మంచిదే. హారం అయితే తిరిగి రాదు.

ఇప్పుడు నగల సంగతి. తాకట్టు రశీదు మీరు చూడలేదు. ఎవరి పేరు మీద పెట్టారు, ఎంత తెచ్చారు, వడ్డీ ఎంత, గడువు ఎప్పుడు, ఏదీ మీకు తెలియదు. నగలు తాకట్టు పెట్టేవాళ్లు అవి తమవేనని సంతకం పెట్టివ్వాలి. అంటే మీ పుట్టింటివాళ్లు పెట్టిన హారానికి ఇప్పుడు కాగితం మీద ఇంకొకరు సొంతదారు. గడువు దాటి వేలానికి పెడితే ఆ నోటీసు అప్పు తీసుకున్నవాళ్ల పేరున వెళ్తుంది, మీకు రాదు. ఒకరోజు "పోయాయి" అనే మాట మళ్లీ టీవీ ముందు నుంచే వినాల్సి వస్తుంది. అందుకే ముందు రశీదు అంటున్నాను.

చట్టం ఈ విషయంలో మీ పక్షానే ఉంది. పుట్టింటివాళ్లు పెట్టిన నగలు స్త్రీధనం, వాటి మీద పూర్తి హక్కు భార్యదేనని సుప్రీంకోర్టు 1985లోనే చెప్పింది. 2024 ఏప్రిల్‌లో కేరళకు చెందిన ఒకావిడ 89 సవర్ల నగల కేసులో మళ్లీ అదే మాట. స్త్రీధనం భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి కాదు, కష్టకాలంలో భర్త వాడుకున్నా తిరిగి ఇవ్వాల్సిన బాధ్యత అతనిదే అని చెప్పి, ఆమెకు 25 లక్షలు ఇప్పించింది. 2005 నాటి గృహహింస చట్టంలో ఆర్థికంగా పెట్టే బాధ కూడా హింసే. స్త్రీధనాన్ని అమ్మకుండా, చేతులు మారకుండా కోర్టు ఆపగలదు. మీరు రేపే కోర్టుకు వెళ్లాలని కాదు ఇదంతా చెప్పడం. మీ కోపానికి ఆధారం ఉందని మీకు తెలియాలి.

ఏం చేస్తారన్నది మీ ఇష్టం. దేనికి ఏమవుతుందో మటుకు నాకు తోచింది చెప్తాను.

మరిదికి తప్పయిందని చెప్పి ఊరుకోవచ్చు. ఇంట్లో కొన్నాళ్లు ప్రశాంతంగా ఉంటుంది. మీ అమ్మగారు సంతోషిస్తారు. నగల మాట మళ్లీ ఎత్తడం మాత్రం చాలా కష్టమైపోతుంది. ఆ క్షమాపణతో లెక్క తీరిపోయిందని అందరూ అనుకుంటారు. మీ పళ్లు, మీ అమ్మాయి భుజం ఏమవుతాయో నేను చెప్పనక్కర్లేదు.

ఫోన్ చేయకుండా ఉండలేని పరిస్థితి వస్తే రెండూ కలిపి అడగొచ్చు. "పండగపూట గిన్నె విసిరినందుకు నాకూ బాధగా ఉంది. నా నగలు ఏ నెలలో విడిపిస్తున్నావు?" అతను తల వంచుకుని తింటున్నాడని మీరే రాశారు, అంటే సంగతి తెలిసిన మనిషే. దీనికి మీ ఆయన మండిపడతారు, తమ్ముణ్ని నేరుగా అడిగావని. అందుకు సిద్ధపడి చేయండి.

నాకు ఎక్కువ ఆశ ఉన్నది మీ ఆయనతో మీరు ఒంటరిగా మాట్లాడటం మీద. రాత్రి పదకొండింటికి వద్దు, వంటింట్లో వద్దు, మీరు వంగి ఏదో పని చేస్తూ అసలే వద్దు. ఆదివారం పొద్దున పిల్లలు లేని వేళ, ఎదురుగా కూర్చుని, టీవీ కట్టేసి. మూడు మాటలు చాలు: "నా నగలు నన్ను అడక్కుండా తీశారు. నాకు కోపంగా ఉంది. రశీదు ఇవ్వండి, ఎప్పుడు విడిపిస్తారో తేదీ చెప్పండి." "మీరెప్పుడూ ఇంతే" అని మొదలుపెడితే మాట పద్దెనిమిదేళ్ల వెనక్కి పోతుంది, రశీదు మరుగున పడుతుంది. ఆయన "నాకంటే నగలెక్కువా" అనొచ్చు, "మా తమ్ముడు పరాయివాడా" అనొచ్చు. దేనికీ జవాబు చెప్పకండి, మళ్లీ అదే మూడో మాట చెప్పండి. తెలుగులో నోరు పెగలకపోతే ముందు కాగితం మీద రాసుకోండి, ట్రైన్‌లో మనసులో పదిసార్లు అనుకోండి. ఆటో అతన్ని నిలదీసిన గొంతు మీదే కదా. చిన్నప్పుడు తెలుగులో మీకు నేర్పింది తగ్గడం ఒక్కటే, అందుకే ఆ భాషలోకి రాగానే గొంతు దిగిపోతోంది. ఇది కొత్త పాఠం, మొదటిసారి వణుకుతుంది.

పెద్దల్ని కూర్చోబెట్టడం ఇంకో దారి. మన పెద్దలు చాలామంది "సర్దుకుపో" దగ్గరే మొదలుపెట్టి అక్కడే ఆగుతారు. పిలిస్తే లెక్కలు తెలిసిన మనిషిని పిలవండి, నగలు పెట్టినప్పుడు చూసిన మనిషిని. పెళ్లి ఫొటోల్లో ఆ హారం కనిపించేవి, నగల కొట్టు బిల్లులు ఉంటే అవి, ఇప్పుడే తీసి మీ దగ్గర పెట్టుకోండి. ఏ దారిలో వెళ్లినా పనికొస్తాయి.

మాటలతో తేలకపోతే న్యాయ సహాయం ఉంది. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్లకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా వకీలును ఇస్తారు, 15100కు ఫోన్ చేయొచ్చు. అడిగి తెలుసుకున్నంత మాత్రాన కేసు పెట్టినట్టు కాదు. కేసు దాకా వెళ్తే మాత్రం కాపురం మునుపటిలా ఉండదు, అది తెలిసే వెళ్లాలి. మీ ఉత్తరంలో ఆయన చెయ్యి చేసుకున్నట్టు ఎక్కడా లేదు. ఎప్పుడైనా అలాంటిది జరిగినా, భయపెట్టినా ఆదివారం దాకా ఆగకండి, మహిళల హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి.

ఒక్క మాట మీ అత్తగారి గురించి. మెడ బోసిగా ఉందేమని ఆవిడ అడిగింది దెప్పడానికేనని మీరు తీసుకున్నారు. కావచ్చు. ఆవిడకు నగల సంగతి తెలుసో తెలియదో మీకే తెలియదని కూడా రాశారు. మీ ఆయన "మోజు లేదులేమ్మా" అని అబద్ధం చెప్పింది ఆవిడకే కదా. తెలిసిన మనిషికి ఆ అబద్ధం చెప్పాల్సిన పని ఏముంది? సంక్రాంతి నుంచి ఉగాది దాకా ఆ ఇంట్లో మీ మెడ వైపు చూసిన మనిషి ఆవిడొక్కరే. ఆవిడ నగలు ఎవరి చదువులకు, ఎవరి పెళ్లిళ్లకు కరిగిపోయాయో ఎప్పుడైనా అడిగారా? ఆదివారానికి ముందు, మధ్యాహ్నం ఇద్దరే ఉన్నప్పుడు, పక్కన కూర్చుని, "అత్తయ్యా, హారం లాకర్లో లేదు" అని చెప్పి చూడండి. కొడుకు వైపే మాట్లాడితే కొత్తగా మీకు పోయేదేం లేదు. అలా కాకపోతే ఆదివారం మీరు ఒంటరిగా కూర్చోనక్కర్లేదు.

రశీదు చేతికొచ్చాక నాకు మళ్లీ రాయండి. అప్పు ఎవరి పేరున ఉందో, గడువు ఏ తేదీనో తప్పకుండా రాయండి.